పాత పాస్‌వర్డ్

ఆ తాళం తిరగడానికి ఒక పద్ధతుంది. తలుపును కాస్త పైకెత్తి, తాళంచెవిని లోపలికి నొక్కి తిప్పాలి.

ఆమె అలాగే తిప్పి తలుపు తీసింది. కొట్టుకు వెళ్ళి తనే పిలుచుకొచ్చిన కంప్యూటర్ మెకానిక్, భుజాన సంచితో వెనక మెట్ల చీకట్లో నిలబడ్డాడు.

"ఇక్కడ బల్బు లేదా అమ్మా?"

"ఆయన తెస్తానన్నారు."

"మా ఇంట్లోనూ అంతే. నేను తెస్తానన్న వస్తువు తెచ్చేసరికి, మా ఆవిడ దాని సంగతే మర్చిపోయి ఉంటుంది."

అతను ఆ వీధిలో కొట్టు పెట్టి నాలుగు నెలలైంది. ఇంకా అందరితోనూ నవ్వుతూనే మాట్లాడుతున్నాడు.

కంప్యూటర్ హాల్లో కిటికీ పక్కనుంది. ఆమె దాని మీద కప్పిన గుడ్డ తీసి, నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది. జరిగింది దారిలోనే చెప్పింది. నిన్న పొద్దున్నుంచి భర్త చాటింగ్ అకౌంటులో ఉన్న యాభై మందికీ ఒకటే మెసేజ్ వెళుతోంది. 'ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?' అని. కింద ఒక లింకు. ఎవరూ పంపడం లేదు. దానంతటదే వెళుతోంది.

నిన్నంతా ఫోన్లే. ఆయన ఆఫీసు స్నేహితుడు, వాడే పంపాడనుకుని వెనకాముందూ చూడకుండా నొక్కేశానన్నాడు. ఆడపడుచైతే ఆ మెసేజ్‌ను ఫోన్లో రెండుసార్లు చదివి వినిపించింది. అది వైరస్ పని అని తెలిశాక, "ఇంకా ఎందుకు వదినా ఆ అకౌంటు? తీసేయించు" అని ఫోన్ పెట్టేసింది.

ఆమెకు తీసేయించే ఉద్దేశం లేదు. మెసేజ్‌లు ఆగాలి, అకౌంటు మాత్రం పోకూడదు. ఆ మాట మెకానిక్‌కి రెండుసార్లు చెప్పింది.

"ఇలాంటి లింకు ఎక్కడో నొక్కితేనే ఇది పట్టుకుంటుంది. ఎవరు నొక్కారు, సారేనా?"

"నేనే. ఆయనకి ఎవరో పంపారు. ఫొటో అన్నారు కదా, చూద్దామని."

"ఎవరున్నారు ఫొటోలో?"

"ఎవరూ లేరు."

సారు అకౌంటు మీరెందుకు తెరుస్తున్నారని అడిగాడు. పొద్దున వంట కాగానే తెరిచి పెడతానని, పడుకోబోయే ముందు మూసేస్తానని చెప్పింది. గ్యాస్ కట్టేయడం గురించి చెప్పినట్టే చెప్పింది. సారు మీద నిఘా అన్నమాట అని అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి కీబోర్డు మీదికి వంగాడు.

గంటన్నర పట్టింది. వైరస్ పోయింది. ఆమె టీ ఇచ్చింది.

"అసలు పని ఇప్పుడుంది" అన్నాడు. "అది పోతూ పోతూ మీ పాస్‌వర్డ్ కూడా మోసుకుపోయి ఎవరికో ఇచ్చి ఉంటుంది. ఏం పెట్టారు?"

"మా పాప పేరు, పుట్టిన సంవత్సరం."

"దొంగకి తలుపు తీసి పీట వేసినట్టుంది. మార్చేద్దాం."

"వద్దు."

ఆమెకు అర్థం కాలేదనుకుని మళ్ళీ విడమరిచి చెప్పాడు. ఇవాళో రేపో ఆ దొంగ లోపలికొచ్చి పాస్‌వర్డ్ తనే మార్చేస్తాడు. ఆ తర్వాత ఆ అకౌంటు సారుకీ ఉండదు, మీకూ ఉండదు.

ఆమె అంతా విన్నది.

"మారిస్తే ఇక పాతదానితో ఎవరూ తెరవలేరా?"

"తెరవలేరు. మార్చేది అందుకే కదమ్మా."

"ఆయనకి తెలిసింది పాతదే."

"సాయంత్రం రాగానే కొత్తది చెప్పండి. మరీ మతిమరుపైతే చీటీ రాసి జేబులో పెట్టండి."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఒక్క గ్లాసు కడగడానికి అవసరమైన దానికంటే చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, పాతదే ఉంచమంది.

మొగుడంటే ఇంత భయపడే మనిషిని ఈ మధ్యకాలంలో చూడలేదనుకున్నాడు మెకానిక్.

"మీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ అకౌంటు ఒకేసారి రెండుచోట్ల తెరుచుకోదు. ఇంకెక్కడైనా ఎవరైనా తెరిచారంటే ఇక్కడ మూసుకుపోతుంది. తెర మీద ఆ సంగతి రాసి వస్తుంది. వస్తే నాకు వెంటనే ఫోన్ చెయ్యండి. ఇదివరకెప్పుడైనా వచ్చిందా?"

"రాలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను."

అతను తన నంబరు చీటీ మీద రాసి కీబోర్డు పక్కన పెట్టాడు. గుమ్మం దాటుతూ తాళం వైపు చూశాడు.

"దీన్ని కూడా మార్పించండమ్మా. మా బావమరిది చేసేది తాళాల పనే, పంపిస్తాను."

"రెండో తాళంచెవి ఆయన దగ్గరుంది" అంది ఆమె.

ఇక చెప్పి లాభం లేదని, అతను గోడ తడుముకుంటూ మెట్లు దిగాడు.

ఆమె లోపల గడియ వేసుకుంది. అకౌంటు తెరిచి పెట్టి, ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడత పెట్టసాగింది.

మూడూ ఇరవైకి చాటింగ్ పెట్టె మూసుకుపోయింది. తెర మధ్యలో రెండు వాక్యాలు వచ్చాయి. 'మీ అకౌంటును మరోచోట తెరిచారు. ఇక్కడ మూసివేస్తున్నాం.'

ఆమె వాటిని మూడుసార్లు చదివింది. అది దొంగేనని ఆమెకు తెలుసు. మెకానిక్ రాసిన చీటీ చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాని జోలికి పోలేదు. లేచి వెళ్ళి తలుపు గడియ తీసింది. అది వేసి ఉంటే, బయటి నుంచి తాళంచెవి తిప్పినా తలుపు రాదు. వచ్చి మళ్ళీ బట్టల ముందు కూర్చుంది.

రెండో తాళంచెవి జేబులో వేసుకుని, బల్బు తెస్తానని ఆయన వీధిలోకి వెళ్ళి, వచ్చే నెలకి ఆరేళ్ళు.