అత్తగారి బాప్తిస్మం

“ముంచాలి. తలతో సహా ముంచాలి. ఒక్క వెంట్రుక పైన తేలినా నేనొప్పుకోను!”

బీయున్ గరిటతో బల్ల మీద ఒక్కటిచ్చి మరీ చెప్పింది. మధ్యాహ్నం బేరం అయిపోయి, ఆమె టర్కీకోడి అన్నం కొట్టు షట్టర్ సగానికి దించి ఉంది. వానలో సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చిన మిషనరీ అమ్మాయిలిద్దరూ గౌను అంచులు పిండుకుంటున్నారు.

సిస్టర్ హాల్‌గ్రెన్ ఐడహో నుంచి ఈ చియాయి ఊరికి వచ్చి నాలుగు నెలలైంది. చైనీస్ ఇంకా కూడబలుక్కునే మాట్లాడుతుంది. ఎవరేమన్నా ఆ పిల్లకి మంచే వినబడుతుంది. ఆమె జోడీ సిస్టర్ కో ఈ దేశపు పిల్లే, హువాలియెన్‌ది, కాబట్టి అన్నీ వినబడతాయి.

“చనిపోయిన అత్తగారికి బాప్తిస్మం ఇప్పిస్తున్నారు! ఎంత మంచి మనసండీ! నాకు ఏడుపొస్తోంది,” అంది హాల్‌గ్రెన్.

“ముందు సూప్ తాగు. తర్వాత ఏడుద్దువు,” అంది కో.

మంచి మనసా! బీయున్ కడుపు మంట ఆ దేవుడికే తెలియాలి. తనూ భర్తా ఈ మిషనరీల సంఘంలో చేరిన రోజు నుంచి అత్తగారు ఆమెకు చుక్కలు చూపించింది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళొస్తే తలుపు తీసేది కాదు. మిషనరీలు ఇంటికొస్తే మేడ మీద నుంచి కుండెడు కడుగునీళ్ళు కుమ్మరించేది. “నా కొడుకునీ లాక్కుపోయావు, రేపు నేను పోతే నాకు ధూపం పెట్టేదెవరే?” అని వీధంతా వినబడేలా అరిచేది. ఇరవై రెండేళ్ళు. ఆఖరికి భర్త పోయిన రోజున కూడా, “నీ దేవుడేం చేశాడే?” అని పదిమందిలో నిలదీసింది. ఆ మాట బీయున్‌కు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

“మా మీద పోసిన నీళ్ళన్నీ ఒక్కసారే ఆవిడ నెత్తిన పడాలి,” అంది బీయున్ పళ్ళు నూరుతూ.

“పిన్నిగారూ, ఒక్క సంగతి. పోయినవాళ్ళ బదులు బతికున్నవాళ్ళే మునగాలి. తైపే మందిరంలో ఆవిడ పేరు మీద మునిగేది మీరే. తడిసేదీ మీరే,” అని గుర్తు చేసింది కో.

“తెలుసులేవే! పేరు ఆవిడదేగా. పైనుంచి చూసి ఉడికిపోతుంది. అది చాలు నాకు.”

హాల్‌గ్రెన్‌కు ఈసారి అర్థమైంది. పాపం, మొహం పాలిపోయింది. “అలా కాదండీ... ఆవిడ ఆ లోకంలో ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. బలవంతం లేదు. ఒప్పుకుంటే మాత్రం, తర్వాత ఇంకో విధి చేసి మీ కుటుంబంతో శాశ్వతంగా—”

“ఆ ఊసెత్తావంటే సూప్ గిన్నె లాగేసుకుంటా! మా ఆయనా నేనూ శాశ్వతంగా కలిసుంటాం. అంతే. మా మధ్యకి ఆవిడ రావడానికి వీల్లేదు. ముంచడం వరకే.”

“పగతో చేయకూడదండీ,” అంది హాల్‌గ్రెన్ మెల్లగా.

“నీ అత్త ఇంకా దొరకలేదుగా తల్లీ, దొరికాక మాట్లాడదాం.”

కో నవ్వు ఆపుకోలేక సూప్ గిన్నెలోకి తల వంచేసింది. తర్వాత తేరుకుని కాగితం తీసింది. పేరు యే జిన్‌చాయ్. పోయి పద్నాలుగు నెలలు. పోయింది తైనాన్‌లో, కూతురి ఇంట్లో.

“కూతురి ఇంట్లోనా?” అంది హాల్‌గ్రెన్.

బీయున్ గరిట అటూ ఇటూ తిప్పింది. “పక్షవాతం వచ్చింది. రెండు నెలలు నేనే ఎత్తి కూర్చోబెట్టి, పడుకోబెట్టి, అన్నీ చేశాను. అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు. ఇక నా వల్ల కాదని కారెక్కించి పంపించేశా. తప్పా? నువ్వు చెప్పు, తప్పా?”

కారెక్కేటప్పుడు ముసలావిడ ఒక్క తిట్టు కూడా తిట్టలేదని మాత్రం బీయున్ వాళ్ళకు చెప్పలేదు.

“కూతురి అనుమతి కావాలి పిన్నిగారూ. రక్తసంబంధం ఉన్నవాళ్ళు సరేనంటేనే పేరు పంపుతాం,” అంది కో.

“దాన్నడగాలా! అది తల్లికి రెండింతలు.” గొణుక్కుంటూనే ఆడపడుచు యూలీకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద పడేసింది. “వదినా, నేను. మీ అమ్మకి మా వాళ్ళ పద్ధతిలో బాప్తిస్మం ఇప్పిస్తున్నా. ఒప్పుకుంటావా, లేక పోట్లాడతావా?”



“మళ్ళీ ఎందుకు?” అంది యూలీ.

“మళ్ళీ ఏంటి?”

“ఇప్పించుకుంది కదా. పోవడానికి నెల ముందు. ఇక్కడి మీ గుడివాళ్ళని తనే పిలిపించుకుంది. ఇద్దరు మిషనరీ కుర్రాళ్ళు కుర్చీతో సహా మోసుకెళ్ళి నీళ్ళలో దింపారు. నేనెంత మొత్తుకున్నా విందా? తలతో సహా మునిగింది!”

గరిట బీయున్ చేతిలోంచి జారి కింద పడింది. హాల్‌గ్రెన్ ఆమె భుజం పట్టుకుంది.

“నాకెందుకు చెప్పలేదు?” అని అరిచింది బీయున్.

“చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తను చేరిందని తెలిస్తే నువ్వు ఆ గుడి మానేస్తావని భయం.”

“అంత అసహ్యించుకుందే! మరి ఎందుకు చేరిందట?”

“నన్నడుగుతావేం! కుటుంబాలు పైన కూడా కలిసే ఉంటాయని ఆ పిల్లలు చెప్పారు. అప్పుడు అమ్మ వాళ్ళని ఒక్కటే అడిగింది.”

“ఏమని?”

“‘ఇక్కడంటే నా కోడలు పంపించేసింది, అక్కడ అలా పంపించేయడం కుదరదు కదా?’”