ఏడో పేరు

చూపులేని తమ్ముడు క్రిస్పులో రేపు తెల్లారగానే గిమరాస్ దీవికి పడవెక్కి మసాజు పనికి వెళ్ళిపోతాడు. ఫోల్డర్ల పేర్లు పైకి పలికి వినిపించకపోతే తన మ్యూజిక్ ప్లేయర్‌లో ఏదీ వెతుక్కోలేడు. ఇంట్లో పోయిన ఆరుగురికీ ఆరు ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో, ఒక్కొక్కరు పోయాక వాళ్ళకోసం తొమ్మిది రాత్రులు చేసిన ప్రార్థన రికార్డు. చాకిరీతో నడుం విరిగిన రొసెండా, ప్లేయర్ని కంప్యూటరుకి తగిలించి, ఆ పేర్లకు గొంతు చేర్చే స్క్రిప్టు నడిపి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆరూ అయిపోయాయి. ఏడో ఫోల్డరుకి గొంతు ముందే ఉందని దాన్ని వదిలేసినట్టు తెర మీద చూపించింది స్క్రిప్టు.

“ఏడోది ఎవరిదిరా?”

“ఉన్నవి ఆరే. వెళ్ళి పడుకో అక్కా, అంకెలు కూడా మర్చిపోతున్నావ్!” నవ్వాడు క్రిస్పులో.

ఆమె ఏడోదాని మీద మీట నొక్కింది.

“రొసెండా,” అంది ప్లేయరు. వెంటనే ఇరుగుపొరుగువాళ్ళ ప్రార్థన మొదలైంది. మధ్యలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

క్రిస్పులో నవ్వు ఆగిపోయింది.

“అక్కా... ఆ ఏడ్చేది నేనే.”