ఉప్పునీళ్ళు

"దొరికింది సార్!" అంటూ కుర్చీలోంచి లేచాడతడు.

లేచీ లేవగానే దగ్గు తెర ముంచుకొచ్చింది.

సర్కారువారి నిఘా ఆఫీసులో అతడిది వినే ఉద్యోగం. తెలిసినవాళ్ళెవరో పంపినట్టు జనానికి ఒక ఈమెయిల్ పంపుతారు. అది తెరిచిన వాళ్ళ కంప్యూటర్లోకి దొంగ ప్రోగ్రాం దూరిపోతుంది. ఇక ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఇతడి చెవిన పడాల్సిందే. అలా ఊళ్ళో సగం ఇళ్ళు ఆ గదిలోనే ఉండేవి. మన మైకు మాత్రం మూసే ఉంచాలయ్యా అని పైవాళ్ళు మొత్తుకునేవారు. చెప్పింది మరిచిపోవడంలో అతడిది పెట్టింది పేరు.

"ఏం దొరికింది?" అన్నాడు అధికారి.

"ఆ విలేకరి అమ్మాయి ఇంట్లో సార్. ఆమె అటు వెళ్ళగానే నాయనమ్మ కంప్యూటర్ ముందు చేరుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది."

"ఎవడు వాడు?"

"వాడు నోరు విప్పడు సార్. ఈవిడే, ఉప్పునీళ్ళు పుక్కిలించావా, చల్లగాలి తగలనీయకు అంటుంది. రోజూ అదే పాట."

అధికారి కళ్ళు మెరిశాయి. "చల్లగాలంటే మనమేనయ్యా! అవన్నీ సంకేతాలు!"

 ఆ ముసలావిడ గొంతు వింటుంటే ఎందుకో అతడి దగ్గు కూడా కాస్త నెమ్మదించేది.

"ముసలావిడ సార్..." అని నసిగాడు.

"అయితే? ప్రమోషన్ వద్దా నీకు?"

 ఆ పూట అతడికి అన్నం సయించలేదు.

మర్నాడు, గొంతు గుర్తుపట్టాలని అతణ్ణి కూడా జీపులో తీసుకెళ్ళారు.

బఠాణీలు ఒలుస్తున్న చేతులతోనే నాయనమ్మ తలుపు తీసింది.

"కంప్యూటర్లో మాట్లాడుతున్నావే, ఎవరమ్మా వాడు?" గద్దించాడు అధికారి.

"పేరు తెలీదు బాబూ."

"పేరు తెలియనివాడితో రోజూ కబుర్లా?"

"పాపం, అంత అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోలేక..."

"ఎక్కించండి!"

ఇరుగుపొరుగు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు.

"మనవరాలు ఆకలితో వస్తుంది నాయనా. ఆలోగా పంపించేస్తారుగా?"



అతడు తల దించుకున్నాడు. అంతసేపూ బిగబట్టిన దగ్గు ఒక్కసారి తన్నుకొచ్చింది. జీపు తలుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు.

మెట్టు మీద ఒక కాలు పెట్టిన నాయనమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు అతడి ముఖంలోకి చూసింది.

"మా కంప్యూటర్లోంచి రోజూ దగ్గేది నువ్వేనా నాయనా? ఉప్పునీళ్ళు పుక్కిలించమని అంత చెప్పినా వినలేదు చూడు!"