స్తంభంలో దరువు

యూనివర్సిటీలో మేం పోసిన మొదటి కాంక్రీటు స్తంభానికి మర్నాడు రాత్రి సెంట్రింగ్ చెక్కలు ఊడదీశాం. లోపల బోలుంటే పొద్దున్నే సార్ సుత్తికి దొరికిపోతాం. అందుకే మా సీనియర్ అక్క ముందుగా తనే సుత్తితో కింది నుంచి పైదాకా కొట్టి చూసింది. అంతటా గట్టి మోతే.

"గట్టెక్కామే పిల్లా!" అంటూ నన్నెత్తి గిరగిరా తిప్పింది. సంతోషం పట్టలేక నేను సుత్తి లాక్కుని స్తంభం మీద దరువు వేశాను. నవ్వీ నవ్వీ ఇద్దరం కూలబడ్డాం.

అప్పుడు స్తంభం లోపల్నుంచి అదే దరువు వినిపించింది. నాకంటే బాగా వేస్తున్నారెవరో.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇందులో ఆవగింజ పట్టే సందు కూడా లేదు కదే! మరి వీడెక్కడ కూర్చున్నాడు?"

దరువు జోరందుకుంది. ఆపుదామని ఎంత చూసినా, మా పాదాలు తాళం వేస్తూనే ఉన్నాయి.