టికెట్ లేని పిల్లోడు

“రేయ్, నిలబడు రా!”

వాడు నిలబడలేదు. సాయంత్రం తిరుపతి బండి దిగి అందరిలా గేటు వైపు రావలసినవాడు, టీసీ స్టెల్లాను చూడగానే గిరుక్కున వెనక్కి తిరిగి, ప్లాట్‌ఫాం రెండో చివరికి పరుగు లంకించుకున్నాడు. పాకాల జంక్షన్‌లో జనం సంచులు కింద పెట్టి మరీ చూశారు. స్టెల్లా వాడి వెంటపడింది. మంచినీళ్ళ కుళాయి దాకా వెళ్ళేసరికే ఆయాసం వచ్చి, నడుం పట్టుకుని ఆగిపోయింది. వాడు ప్లాట్‌ఫాం వాలు దిగి కంపచెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర సీనియర్ టీసీ సుందరరాజు తాపీగా టీ తాగుతున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. రోజుకొకరినైనా ఆటపట్టించకపోతే ఆయనకు అన్నం సహించదు.

“ఏమ్మా, రన్నింగులో ఉద్యోగం కొట్టినావంట గదా! ఇదేనా ఆ రన్నింగు?”

స్టెల్లాకు ఒళ్ళు మండింది. కానీ అది ఉన్న మాటే కదా.

చిత్తూరులో డిగ్రీ చదివే రోజుల్లో నాలుగు వందల మీటర్లలో ఆమెను దాటినవాళ్ళు లేరు. కాలేజీలో ఆమె పేరే ‘రన్నింగ్ స్టెల్లా’. ఆ పరుగే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చిపెట్టింది. తీరా చేరిన ఏడాదే గుంతకల్లులో జరిగిన రైల్వే పోటీల్లో అందరికన్నా ఆఖరున వచ్చింది. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేసింది. “ఉద్యోగం వచ్చేసింది కదా, ఇంగ పరిగెత్తేదెందుకు?” అంది వాళ్ళమ్మ ఆనందమ్మ. స్టెల్లా కూడా పైకి అదే అనేది. లోపల మాత్రం పరుగు మీద బెంగ పోలేదు. ఈ మధ్యే బదిలీ మీద వాళ్ళమ్మతో పాకాల వచ్చింది; బూట్లు ఇక్కడా అటకే ఎక్కాయి. ఇక్కడ అందరికీ ఆమె ‘టీసీ మేడమ్’. నల్లకోటు వేసుకుని గేటు దగ్గర నిలబడితే, రన్నింగ్ స్టెల్లా ఎవరో వేరే పిల్ల అనిపించేది.

మర్నాడు మళ్ళీ అదే బండి, అదే పిల్లోడు. భుజాన కాలేజీ బ్యాగు. జనంలో కలిసి జారుకోవచ్చు కదా, అబ్బే! ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా దర్జాగా బెంచీ మీద కూర్చున్నాడు. స్టెల్లా తనను చూసిందని తేల్చుకున్నాకే లేచాడు. మళ్ళీ పరుగు. ఈసారి కుళాయి దగ్గర స్టెల్లా చెప్పు తెగింది.

“సూసుకోండి మేడమ్, ఆడ కంకర ఉండాది!” అని దూరం నుంచి జాగ్రత్త కూడా చెప్పి పోయాడు.

“ఎంత పొగరు సార్ వానికి!” అంది స్టెల్లా, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చి.

“పొగరు కాదమ్మా, వాని కాళ్ళు అట్లాంటివి. నీ వల్ల యాడయితాది? రైల్వే పోలీసులకు చెప్తాలే, వదిలెయ్.”

“ఎవరికీ చెప్పొద్దు సార్. వాణ్ణి నేనే పట్టుకుంటా.”

అటక మీది బూట్లు కిందికి దిగాయి. స్టెల్లా పొద్దున్నే రైల్వే గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టింది.

“డ్యూటీకి లేపితే లెయ్యవు. ఎవుడో పిల్లోని కోసరం కోడి కూయకముందే లేస్తుండావే!” అంది ఆనందమ్మ.

వారాలు గడిచాయి. స్టెల్లా కుళాయి దాటింది. పార్సిల్ ఆఫీసు దాటింది. పిల్లోడు వెనక్కి తిరిగి చూసుకుంటూ పరిగెత్తాల్సి వచ్చింది. శెనక్కాయలమ్మే నాగులమ్మ గంప దించుకుని, “ఈ పొద్దు మేడమ్ వదలదు సూడు!” అని అరిచేది. అయినా వాడు చిక్కలేదు.

అంతలో సుందరరాజు కబురు తెచ్చాడు. “గుంతకల్లు పోటీలకు పేర్లు అడిగినారమ్మా. పాకాల నుంచి ఎవురూ లేరని చెప్పేదా?”

స్టెల్లా రసీదు పుస్తకం తిరగేస్తూ కూర్చుంది.

“అంతేలే. టికెట్ లేని పిల్లోణ్ణే పట్టలేనోళ్ళకు పోటీలెందుకు?”

ఆ మాట సూటిగా తగిలింది. “శుక్రవారం దాకా ఆగండి సార్. వాణ్ణి పట్టుకుంటే నా పేరు పంపించండి. పట్టుకోలేకపోతే ఇంక జన్మలో పరుగు మాటెత్తను!”

సుందరరాజు ముఖంలో నవ్వు పోయింది. “అంత మాట ఎందుకమ్మా...” అని నసిగాడు. స్టెల్లా వినిపించుకోలేదు.

శుక్రవారం వచ్చింది. బండి వచ్చింది. పిల్లోడు బెంచీ మీంచి లేచాడు. ఆ రోజు వాడూ ప్రాణం పెట్టి పరిగెత్తాడు. కుళాయి, పార్సిల్ ఆఫీసు, ఆఖరి లైటు స్తంభం అన్నీ వెనకబడ్డాయి. స్టెల్లాకు గుండె నోట్లోకొచ్చింది. కాళ్ళు మాత్రం ఆగలేదు. ప్లాట్‌ఫాం వాలు దగ్గర చెయ్యి చాచి వాడి బ్యాగు ఒడిసి పట్టుకుంది.

ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. స్టెల్లాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసి, నల్లకోటు సర్దుకుంది.

“ఏం పేరు రా నీది? ఏం చేస్తుంటావు?”

“మునిప్రసాద్ మేడమ్. తిరుపతిలో డిగ్రీ ఆఖరేడు. కాలేజీ టీములో రన్నర్ని. మీ మాదిరే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కొట్టాలని...”

“కొడతావు! టికెట్ లేకుండా దొరికినోనికి రైల్వేలో ఉద్యోగం ఎవుడిస్తాడు రా? నీ మీద కేసు రాస్తే ఏమయితావో తెలుసునా?”

“సీజన్ పాసుండాది మేడమ్,” అన్నాడు వాడు రొప్పుతూ, “సుందరరాజు సారే తీసిచ్చి, మీరు నన్ను పట్టుకొనేదాకా సూపించొద్దన్నాడు.”