ఆదరణ కూడిక నాడు

"ఎన్నేళ్ళు బతికామన్నది కాదమ్మా, ఎవరి చేతిలో ఉన్నామన్నదే లెక్క," అన్నారు పాస్టరు గారు.

రాజమణికి పుండు మీద కారం చల్లినట్టయింది.

కొడుకు రాహుల్ బైకు యాక్సిడెంట్‌లో పోయి మూడో రోజు. కిషన్‌బాగ్‌లోని ఆ రెండు గదుల ఇంటినిండా ఆదరణ కూడికకని, దుఃఖంలో ఉన్నవాళ్ళను ఓదార్చే ప్రార్థనకని వచ్చిన చర్చివాళ్ళు.

"ఆయన చేతిల ఉన్నడా అయ్యగారూ నా కొడుకు? ఐతారం చర్చికి రమ్మంటే నాతోని లొల్లి పెట్టుకున్నడు. దేవుడు లేడు గీవుడు లేడనుకుంట పోయిండు. పానం పోయేటప్పుడన్న యేసయ్యా అన్నడో లేదో! గదొక్కటి తెలిస్తే సాలు నాకు."

ఎవరు చెప్తారు? పందొమ్మిదేళ్ళ పిల్లవాడు నడిరోడ్డు మీద పోతే, పక్కన అయినవాళ్ళు ఎవరున్నారు గనక!

అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా గుమ్మంలో ఎవరో దగ్గారు.

రాహుల్ తండ్రి డానియేలు లేచి బయటికి వచ్చాడు. ఎవరో ముసలాయన.

"రాహుల్ ఇల్లు ఇదేనా బిడ్డా?"

"ఔ. ఏంది?"

"యాక్సిడెంట్ సంగతి మాట్లాడాలె. తల్లిని జర పిలుస్తవా? ఆమెకే చెప్పాలె."

డానియేలుకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచి ఇలాంటివాళ్ళు ఇద్దరు వచ్చిపోయారు. కేసు మాకివ్వండి, నష్టపరిహారం ఇప్పిస్తాం, మా కమీషన్ మాకు పడేయండి అని. ఛీ, శవం లేచిన ఇంట్లో బేరాలా!

"నువ్వు గూడ ఏజెంటువేనా? నా కొడుకు పానానికి రేటు కట్టనీకి వచ్చినవా?"

"అయ్యో, గట్ల కాదు బిడ్డా, జర నా మాట..."

"నీ మాట నాకొద్దు. నడువ్ ఈడికెళ్ళి!"

డానియేలు నెట్టిన నెట్టుకు ముసలాయన తూలి గోడ పట్టుకున్నాడు. తలుపు సందులోంచి లోపలికి ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో, గల్లీ దాటి వెళ్ళిపోయాడు.

"ఎవరు?" అడిగింది రాజమణి.

"ఎవడో కేసు ఏజెంటు. ఎల్లగొట్టిన."

"మంచిపని జేసినవ్."

సాయంత్రం కానిస్టేబుల్ కృష్ణయ్య రాహుల్ ఫోను ఇచ్చిపోదామని వచ్చాడు. రాజమణి దాన్ని గుండెకు హత్తుకుని బావురుమంది.

కృష్ణయ్య వెళ్ళబోతూ ఆగాడు.

"పెద్దాయన వచ్చిండా అమ్మా? పొద్దున మీ అడ్రసు తీస్కున్నడు. ఇయ్యాల ఊరికి పోతున్నడట, మిమ్మల్ని కలిసే పోతనన్నడు. ఏ ఊరో, పేరేందో నేను గూడ అడగకపోతి."

"ఏ పెద్దాయన?" అంది రాజమణి.

డానియేలు గబుక్కున గల్లీ వైపు చూశాడు.

"గదేనమ్మా, అంబులెన్సు వచ్చేదాంక మీ రాహుల్ తల ఒళ్ళో పెట్టుకొని కూసున్నాయన, ఇద్దరు కలిసి ప్రార్థన చేస్కున్నరట, అమ్మకు చెప్పుమని పిల్లగాడు ఏదో మాట చెప్పిండట."