బూడిద పరిచిన రాత్రి

షాలిమార్ పాత రైల్వే యార్డులో చెట్లన్నీ నాటిన మల్లేశుకి కుడికాలి బొటనవేలు లేదు. అతను పోయిన పదో రోజు, సర్వే బాబు ఆ చెట్ల నుంచి మల్లేశు భార్య గురవమ్మ రాత్రి కాపలా కూర్చునే బల్ల దాకా సన్నటి బూడిద పరిచాడు. పోయినవాళ్లు తిరిగొస్తే అడుగు పడుతుందని గురవమ్మ ఊళ్లోనూ అలాగే పరుస్తారు.

“మా ఆయన కోసం పరిసేవు. నీకు పున్నెముంటాది, బాబూ.”

“పునుగు పిల్లులు తిరిగొచ్చాయేమో అడుగులు చూడాలి, మాసీ,” అన్నాడు అతను, పిన్నీ అన్నట్టు తన బెంగాలీలో పిలుస్తూ.

ఆ రాత్రి ఎండుటాకులు చప్పుడు చేశాయి. గురవమ్మ లాంతరు దించి చూసింది. బూడిద నిండా పునుగు పిల్లుల చిన్న అడుగులు. అవి తిరిగొచ్చాయంటే ఆయన చెట్లు బతికినట్టేనని ఆమె మనసు నిండింది.

వాటి మధ్య మనిషి అడుగులు బల్ల దాకా వచ్చాయి. కుడిపాదానికి బొటనవేలు లేదు. తిరిగి వెళ్లిన అడుగులు లేవు.

“ఇన్నేళ్లూ నాటినావు. ఇంక కూకో,” అంటూ ఆమె పక్కకు జరిగింది.